చిన్న తుపాకి: రౌతు భుజము నుండి గురిమైదానము దాక

పాలమూరు సీమలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఒకదానికొకటి ఎంతో దూరము కాని ఊళ్ళు. 2016 అక్టోబరు 11వ తేదీ వరకు ఈ మూడును మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. ఆనాడు మూడును జిల్లా కేంద్రములైనవి. ఆయుధముల చరిత్రలో మాత్రము మూటికిని వేర్వేరు పుటలు కలవు. గద్వాల కోట సోమభూపాలుని పేరుతో ముడివడినది. వనపర్తి సంస్థానము తన అశ్వదళముచేత పేరు గాంచినది. నాగర్‌కర్నూలునకు ఆగ్నేయముగా పరచుకొన్న నల్లమల నిజాము ప్రభువుల వేటభూమి. నేడు గద్వాల కోటలో మహారాణీ ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట ప్రభుత్వ కళాశాల నడచుచున్నది. వనపర్తి రాజప్రాసాదములో పాలిటెక్నిక్ విద్యార్థులు చదువుకొనుచున్నారు. వేటభూమి పులుల అభయారణ్యమైనది.

ఈ మూడు మార్పులను మనస్సునందుంచుకొని నేటి ఒక చిన్న విషయమును పరిశీలింపవచ్చును. విదేశములలో తుపాకులు చేయు సంస్థలు ఇటీవల తేలికయైన, పొట్టియైన కార్బైనులను విరివిగా తయారు చేయుచున్నవి. గురి అభ్యాసమునకు, చిన్న జంతువుల వేటకు ఇంతకంటె అనువైనది లేదని వాని ప్రకటనలు చెప్పుచున్నవి. ఆ బొమ్మలు చేతిఫోనుల ద్వారా మన పల్లెల విద్యార్థులకును కనబడుచున్నవి. చూచిన పిల్లవానికి రెండు ప్రశ్నలు పుట్టుట సహజము. ఇంత చిన్న తుపాకి ఎట్లు పని చేయును? ఇది మనకు దొరకునా? మొదటి ప్రశ్నకు భౌతికశాస్త్రము సమాధానము చెప్పును. రెండవ దానికి చట్టము, అడవి రెండును సమాధానము చెప్పవలెను.

కార్బైను అను మాట ఫ్రెంచి భాష నుండి వచ్చినది. గుర్రముపై నుండి తుపాకి పేల్చు రౌతును ఆ భాషలో కారబిన్ అనెడివారు. రౌతు పేరే అతని ఆయుధమునకు సంక్రమించినది. కాలిబంటు నిలుచుండి గాని, మోకాలిపై కూర్చుండి గాని పొడవైన తుపాకిని రెండు చేతులతో పట్టగలడు. రౌతునకు ఒక చేతిలో కళ్ళెము ఉండును. పొడవైన గొట్టము గుర్రపు మెడకు తగులును. జీనుకు వ్రేలాడదీసిన కాళ్ళకు అడ్డుపడును. అందుచేత గొట్టము కురుచ చేసి, బరువు తగ్గించి, జీను ప్రక్కనో భుజముననో తగిలించుకొనుటకు వీలుగా కార్బైనును రూపొందించిరి. దూరపు గురి కొంత తగ్గినను, మోయుటలో సుఖము దక్కినది. పుట్టుకనుండి కార్బైను స్వభావము ఇదియే: అది కాల్చువాని సౌకర్యము కొరకు కాక, మోయువాని సౌకర్యము కొరకు పుట్టినది.

రౌతుల మాట వచ్చినప్పుడు వనపర్తిని తలపక తీరదు. ఆఫ్రికా ఖండపు సంతతివారైన సిద్దీలు వనపర్తి రాజు కొలువులో అశ్వదళముగా నుండిరి. ఆ దళము పిమ్మట నిజాము కొలువునకు చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అను పేర ప్రసిద్ధమాయెను. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు వచ్చుటకు కారణమిదియే. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశములో చేరిన తరువాత ఆ దళము రద్దయినది. గుర్రములు పోయినవి, ఆయుధములు పోయినవి. ఆ రౌతుల వంశీయులు మాత్రము ఆ పేటలో నిలిచిరి. పెండ్లి ఊరేగింపులలో వారు వాయించు మర్ఫా మ్రోత నేటికిని హైదరాబాదు వీధులలో వినబడును. ఆయుధము పోయినను కళ నిలుచుటకు ఇది మంచి నిదర్శనము.

గుర్రపు దళముల కాలము ముగిసినను కార్బైను కాలము ముగియలేదు. రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికా సైన్యము ఎం-1 అను కార్బైనును వాడుకలోనికి తెచ్చెను. సామాను మోయువారికి, వాహనములు నడపువారికి, తంతి పనివారికి నాలుగు కిలోలకు పైబడిన పెద్ద రైఫిలు భారము. ఎం-1 బరువు సుమారు 2.4 కిలోలు మాత్రమే. యుద్ధకాలములో అవి అరువది లక్షలకు పైగా తయారైనవి. బ్రిటిషు వారు 1944లో తమ .303 రైఫిలును కురుచ చేసి, అడవులలో పోరాడు సైనికుల కొరకు మరియొక కార్బైనును చేసిరి. జంగిల్ కార్బైను అను పేరుతో అది ప్రసిద్ధము. గొట్టము 25 అంగుళముల నుండి సుమారు 19 అంగుళములకు తగ్గినది. బరువు సుమారు 4.1 కిలోల నుండి 3.2 కిలోలకు దిగినది.

మోయుటకు సుఖమైన ఆ కార్బైను కాల్చుటకు సుఖము కాలేదు. మడమ భుజమును బలముగా గుద్దెడిది. గొట్టము చివర పెద్ద మంట వచ్చెడిది; దానిని దాచుటకు గరాటు వంటి తొడుగు నొకదానిని అమర్చవలసి వచ్చెను. గురి నిలుకడగా నుండుట లేదను ఫిర్యాదులును వచ్చినవి. ఇందులో ఆశ్చర్యమేమియు లేదు. పదవ తరగతి విద్యార్థియు లెక్క కట్టి చూడగల విషయమే యిది.

తూటా ముందునకు పోవునపుడు దాని ద్రవ్యవేగమునకు సమానమైన ద్రవ్యవేగముతో తుపాకి వెనుకకు కదలును. .303 తూటాలోని గుండు బరువు 11.3 గ్రాములు, దాని వేగము సెకనుకు సుమారు 740 మీటర్లు. మందు వాయువులను లెక్కలోనికి తీసికొనకున్నను, 4.1 కిలోల రైఫిలు సెకనుకు సుమారు 2 మీటర్ల వేగముతో భుజము మీదికి వచ్చును. అదే గుండును అదే వేగముతో 3.2 కిలోల కార్బైను నుండి పంపినచో వెనుకకు వచ్చు వేగము 2.6 మీటర్లగును. భుజము భరింపవలసిన శక్తి ఎనిమిదిన్నర జౌళ్ళ నుండి సుమారు పదకొండు జౌళ్ళకు పెరుగును. అనగా తుపాకిలో తగ్గించిన బరువును సైనికుడు తన భుజముతో చెల్లించుచున్నాడు. ప్రకృతి ఎవరికిని ఉచితముగా ఏదియు ఇయ్యదు.

అట్లయినచో నేటి తేలిక కార్బైనులు సుకుమారుల భుజములకు సయితము ఎట్లు సరిపోవుచున్నవి? రహస్యము తుపాకిలో లేదు, తూటాలో ఉన్నది. అవి వాడునది ఎక్కువగా .22 తూటా. ఇది క్రొత్తది కాదు; అమెరికాలో 1887లో వెలువడిన .22 లాంగ్ రైఫిల్ తూటాయే నేటికిని చెలామణి అగుచున్నది. దాని గుండు బరువు 2.6 గ్రాములు. వేగము ఇంచుమించు ధ్వనివేగమునకు సమానము. 2.3 కిలోల కార్బైను నుండి దానిని కాల్చినచో, పై లెక్క ప్రకారము వెనుకకు వచ్చు శక్తి జంగిల్ కార్బైనులోని దానిలో అరువదవ వంతునకు లోపే. మందు స్వల్పము గనుక 16 అంగుళముల గొట్టములోనే దాని బలము చాలవరకు తీరిపోవును. గొట్టమును ఇంకను పొడిగించినందున వేగము అంతగా పెరుగదు. అందుచేత .22 తుపాకిని కురుచ చేసినను నష్టము కొద్ది. ఇంత కాలము తరువాతను ఆ చిన్న తూటా నిలిచియుండుటకు కారణమిదియే.

అయితే ఇచ్చట రెండు హెచ్చరికలు అవసరము. మొదటిది గురికి సంబంధించినది. వెనుకనున్న గురిగాడికి, ముందున్న గురిపుల్లకు నడుమ ఎడము ఎంత తక్కువైన తప్పు అంత పెద్దదగును. ఆ ఎడము 75 సెంటీమీటర్లున్న తుపాకిలో గురిపుల్ల ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో, 25 మీటర్ల దూరమున గుండు 33 మిల్లీమీటర్లు తప్పును. ఎడము 50 సెంటీమీటర్లే యైనచో 50 మిల్లీమీటర్లు తప్పును. సరూప త్రిభుజములు చదివిన విద్యార్థి దీనిని బల్లపై గీసి చూపగలడు. రెండవది అపాయమునకు సంబంధించినది. చిన్న తూటా గదా యని తేలికగా తలపరాదు. .22 గుండు అడ్డులేనిచోట ఒక మైలునకు పైగా పోగలదు. కృష్ణ ఒడ్డున నిలుచుండి నీటిమీదికి కాల్చిన గుండు నీటిపై జారి ఎగిరి ఆవలి ఒడ్డున ఎవరిని తాకునో కాల్చినవానికి తెలియదు.

ఇక చిన్న జంతువుల వేట. ప్రకటనలలోని ఈ మాట కొన్ని దేశములలో చెల్లును. అచ్చట వేటకు ఋతువులు, అనుమతి పత్రములు, జంతువుల లెక్కలు కలవు. మన నల్లమలలో అట్లు కాదు. నిజాముల కాలములో అమ్రాబాదు పీఠభూమి ప్రభువుల వేటకు ప్రత్యేకింపబడెను. ఫర్హాబాదు వారి విడిది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పులివేటలో ప్రసిద్ధుడు. మహబూబ్‌నగరమునకు ఆ పేరు ఆయన వలననే వచ్చినది. ఆ అడవిలోనే చెంచులు తరతరములుగా నివసించుచుండిరి. 1940 ప్రాంతమున వారి నడుమ తిరిగి, 1943లో వారిని గూర్చి గ్రంథము వెలువరించిన హైమెండార్ఫు పండితుడు వారి జీవనమును వివరముగా వర్ణించెను. చెంచుల బ్రతుకు ప్రధానముగా గడ్డలు, దుంపలు, పండ్లు, తేనె సేకరించుటపై ఆధారపడినది. విల్లమ్ములతో వేట దానికి తోడు మాత్రమే. ప్రభువులకు వేట వినోదము. చెంచునకు అది ఆకలి తీర్చు పనులలో ఒకటి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1991 నాటి సవరణతో వినోదపు వేటకు తలుపులు పూర్తిగా మూసుకొన్నవి. ఈ చట్టము పులిని గూర్చి, చిరుతను గూర్చి మాత్రమే చెప్పుచున్నదని పలువురి భావము. అది పొరపాటు. కుందేలు, కౌజు, దుప్పి, కొండగొఱ్ఱె, నెమలి అన్నియు దాని రక్షణలోనివే. వేట యనగా చంపుట మాత్రమే కాదు. పట్టుట, గాయపరచుట, తరుముట, పక్షుల గూళ్ళను, గుడ్లను చెరచుట సయితము ఆ నిర్వచనములో చేరినది. ఆయుధమనగా తుపాకి మాత్రమే కాదు. విల్లమ్ములు, వలలు, ఉచ్చులు, విషము అన్నియు ఆయుధములే. గాలి తుపాకితో పావురమును కొట్టిన పిల్లవాడును, నాటు తుపాకితో దుప్పిని కొట్టినవాడును చట్టము ముందు వేటగాండ్రే. కనుక ఎంత తేలికయైన కార్బైను వచ్చినను, నల్లమల అంచున దానికి వేట పని లేదు.

అడవిపందులు వేరుసెనగ చేలను, మొక్కజొన్న చేలను పాడు చేయుచున్నవి గదా, రైతు గతి యేమి యని ప్రశ్న రావచ్చును. ఆ బాధ నిజమైనది. రాత్రియంతయు మంచెపై మేలుకొని కాపలా కాయు రైతునకు అది నీతిశాస్త్ర చర్చ కాదు. చట్టములోని 11వ విభాగము ఇట్టి సందర్భమునకు దారి చూపినది: ఆస్తికి, పంటకు హాని చేయు కొన్ని జంతువులను అధికార ఉత్తరువుపై మాత్రమే తొలగింపవచ్చును. అట్టి పనియు అనుమతి పొందిన నిపుణుడు చేయవలసినదే. అందుకును .22 పనికిరాదు. దట్టమైన చర్మము, బలమైన ఎముక గల పందిని ఆ చిన్న గుండు చంపదు, గాయపరచి వదలును. గాయపడిన పంది పొదలలో దినముల తరబడి బాధపడి చచ్చును, లేదా మరునాడు ఉదయము పొలమునకు వచ్చిన మనుష్యునిపై పడును. ఇక చేలచుట్టు విద్యుత్తు తీగ కట్టుట అన్నింటికంటె ఘోరము. ఆ తీగకు పందియు, పులియు, పశువుల కాపరియు ఒకటే.

తుపాకి ఇంటనుండుటకు సయితము చట్టము కలదు. 1878లో లిట్టను దొర కాలమున వచ్చిన ఆయుధ చట్టము భారతీయుని లైసెన్సు లేనిదే ఆయుధము పట్టనియ్యలేదు; ఐరోపావారికి మాత్రము మినహాయింపు నిచ్చెను. జాతీయ నాయకులు దానిని అవమానముగా భావించిరి. స్వతంత్ర భారతము 1959లో క్రొత్త చట్టము చేసెను. అందులో జాతిభేదము లేదు గాని, లైసెన్సు నియమము అందరికిని ఉన్నది. ఆ చట్టపు 6వ విభాగము ప్రత్యేకముగా గమనింపదగినది: లైసెన్సు లేక తుపాకి గొట్టమును కురుచ చేయుట నేరము. ఉన్న తుపాకిని కోసి పొట్టిది చేసికొనవచ్చునని ఎవడైన తలచినచో వాని కిది సమాధానము. దాచుటకు వీలైన ఆయుధమును ప్రభుత్వములు ఎక్కువ అనుమానముతో చూచుటకు కారణము స్పష్టమే. 2019 సవరణ ప్రకారము ఒకరు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండునకు తగ్గినది. పెండ్లిలోనో ఉత్సవములోనో ఇతరుల ప్రాణమునకు ముప్పు కలుగునట్లు సంబరమునకు తుపాకి పేల్చినవానికి రెండేండ్ల వరకు కారాగారము విధింపవచ్చును.

ఈ నియమములు కఠినమని కొందరనవచ్చును. కాని ఈ ప్రాంతము తుపాకిని బొమ్మలలో మాత్రమే చూచినది కాదు. 20వ శతాబ్దపు చివరి దశాబ్దములలో నల్లమల సాయుధ దళములకును పోలీసులకును నడుమ జరిగిన కాల్పులను ఎరుగును. ఆ దినములు చూచిన పెద్దలు ప్రతి యూరను ఉన్నారు. తుపాకి మ్రోత వారికి వినోదము కాదు.

మరి యువకునకు గురి నేర్చు కోరిక కలుగుట తప్పా? కాదు. గురి గొప్ప విద్య. దానికి తగిన చోటు గురిమైదానము. 1948 నాటి చట్టముతో ఏర్పడిన ఎన్.సి.సి. మన విద్యార్థులకు ఆ విద్యను తొలుత పరిచయము చేయుచున్నది. ఎన్.సి.సి. శాఖ గల కళాశాలలోని క్యాడెట్ మొట్టమొదట పట్టునది .22 రైఫిలే. నేలపై బోర్లపండుకొని 25 మీటర్ల దూరమునగల గురిపలకపై కాల్చుట అచ్చటి తొలి పాఠము. మొదట నడిబొట్టును కొట్టుమని ఎవరును చెప్పరు. ఐదు గుండ్లును ఒకదాని ప్రక్క ఒకటి పడవలెనందురు. గుంపు దగ్గరగా పడినచో చేయి స్థిరముగా నున్నదని అర్థము. అది ప్రక్కకు పడినను గురిపుల్ల సరిచేసినచో చాలును. గుండ్లు చెదరి పడినచో, వానిలో నొకటి నడిబొట్టును తాకినను అది అదృష్టమే గాని విద్య కాదు. పరీక్షలలో ఒక్కసారి వచ్చిన మంచి మార్కును గూర్చియు ఉపాధ్యాయుడు ఇదే మాట చెప్పవచ్చును.

గురిమైదానములో మరియొక వింత కలదు. అడవిలో నడచువాడు కోరు తేలికదనమును పోటీలో కాల్చువాడు కోరడు. పది మీటర్ల గాలి రైఫిలు పోటీలో తుపాకి బరువు 5.5 కిలోల వరకు ఉండవచ్చును. క్రీడాకారులు పలువురు ఆ మేరకు బరువు పెంచుకొందురు. బరువైన తుపాకి గుండెకొట్టుకొనుటకు, ఊపిరికి అంత సులభముగా కదలదు. అచ్చట గురిపలక నడుమ పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. పది మీటర్ల దూరమునుండి దానిని తాకవలెనన్నచో తేలికదనము శత్రువు. చిన్నవయస్సు వారికి, క్రొత్తగా నేర్చువారికి తేలిక తుపాకి కొన్నాళ్ళు మేలు చేయును; చేయి అలసినచో విద్య అబ్బదు గనుక. పిమ్మట వారే బరువును కోరుదురు.

ఈ విద్యలో తెలుగునేలకు చెప్పుకొనదగిన పేర్లు కలవు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సునందు పది మీటర్ల గాలి రైఫిలు పోటీలో కాంస్యపతకము గెలిచెను. హైదరాబాదు యువతి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు జట్టుతో బంగారు పతకము పొందెను. ఇందులో ఏ పతకమునకును ఒక్క ప్రాణియు బలి కాలేదు. 4.5 మిల్లీమీటర్ల గొట్టముగల, 20 జౌళ్ళ శక్తికి మించని గాలి రైఫిలునకు 2016 నాటి ఆయుధ నియమములు లైసెన్సు కోరలేదు. పది మీటర్ల పొడవుగల గది, గుండ్లను ఆపు గట్టి తెర, శిక్షణ నెరిగిన పెద్ద ఒకరు ఉన్నచో జిల్లా కేంద్రములోని పాఠశాల సయితము దీనిని ఆరంభింపగలదు. .22కైనచో మైలు దూరపు అపాయమును ఆపగల ఎత్తైన మట్టికట్టయు, అధికారుల అనుమతియు కావలెను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పిల్లలకు అడుగదగినది కార్బైను కాదు, ఆ గది.

వేటభూమి కథను ఇంకొక్క మాటతో ముగింపవచ్చును. 1983లో పులుల అభయారణ్యమైన ఆ అడవిలో తెలంగాణ భాగము రాష్ట్ర విభజన తరువాత అమ్రాబాద్ పులుల అభయారణ్యముగా వేరుపడినది. దాని విస్తీర్ణము 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా. నేడు అచ్చట పులి అడుగుజాడలను గుర్తించి, ఉచ్చులను వెదకి తీసివేయువారిలో చెంచు యువకులు పలువురున్నారు. వారి తాతలు వేటకు వాడిన చూపు, వినికిడి, ఓర్పు అన్నియు వారికి ఈ పనిలో అక్కరకు వచ్చుచున్నవి. అడవికి పోయిన విద్యార్థి వారివెంట ఒక్క పూట నడచినచో, గురి యనగా ముందుగా చూపు అని గ్రహించును.

గురిమైదానమునకు పోయిన విద్యార్థి మొట్టమొదట నేర్చునది కాల్చుట కాదు. ప్రతి తుపాకియు నిండియున్నదనియే తలపవలెను. దాని మూతిని ఎన్నడును మనుష్యునివైపు త్రిప్పరాదు. గురి కుదురునంతవరకు వ్రేలు ట్రిగ్గరుపై పెట్టరాదు. గురిపలక వెనుక ఏమున్నదో తెలియనిదే కాల్చరాదు. కాల్పు ముగిసిన వెంటనే బోల్టు తెరచి, గది ఖాళీయని తనకును, ప్రక్కవానికిని చూపి, తుపాకిని నేలపై నుంచి లేవవలెను. ఈ నియమములు నాలుగు కిలోల రైఫిలునకును, రెండు కిలోల కార్బైనునకును సమానమే. చేతిలోని బరువు తగ్గినంత మాత్రమున వీనిలో ఒక్కటియు తగ్గదు.